ఆరో డివిజన్ పక్షపాతం

"పురుషోత్తం ఎవరు?"

నిఖిలేష్ హెడ్‌ఫోన్స్ తీసి తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. నడుం మీద చెయ్యి, ముక్కు మీద కోపం.

"గోల్‌కీపర్," అన్నాడు ధీమాగా. "అసలు పేరు మస్తు పొడుగున్నది, నోరు తిరగలే. అందుకే ఈ పేరు నేనే పెట్టిన. బట్టతల, బొజ్జ. బంతి గోల్‌లకు పోతుంటే నిలబడి చూస్తడు. అచ్చం కింద గాజుల షాపు సేటు లెక్క. కస్టమర్ లేచి పోతున్నా ఆయన స్టూల్ మీదికెళ్ళి లేవడు."

"ఆయన మా డాడీ."

ఆమె వంగి అతని స్క్రీన్ మీద ఆ పేరు చూపించింది.

"రిపోర్ట్‌ల గూడ గదే పేరు కొట్టినవ్. నేను చూడకపోతే ఫిన్లాండ్ దాక పోతుండె."

"మంచిదే గదా మేడం. ఫారిన్‌ల పేరొస్తుండె."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. నిఖిలేష్ నోరు ఎప్పుడూ అంతే, బుర్ర కంటే ఒక అడుగు ముందుంటుంది.

లాడ్ బజార్ సందులో, గాజుల దుకాణాల పైన మొదటి అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. ఫిన్లాండ్‌లో కింది డివిజన్లు ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్‌లను వీడియోలో చూసి, బంతి ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరు పోగొట్టుకున్నారు అని కంప్యూటర్‌లో ఎక్కించడమే అక్కడి పని. టీవీల్లో వచ్చే పెద్ద లీగులు కావు. ప్రాంతాలవారీగా ఆడుకునే ఆరో డివిజన్. ఆడేవాళ్ళు పగలు ప్లంబర్లు, బడిపంతుళ్ళు, బస్సు డ్రైవర్లు. చూసేవాళ్ళు వాళ్ళ పెళ్ళాలూ పిల్లలూ, మధ్యలో మైదానంలోకి ఉరికొచ్చే ఒక కుక్క. సాయంత్రం వాళ్ళు ఆడిన ఆట మర్నాడు పొద్దున ఇక్కడికి చేరుతుంది.

నిఖిలేష్ లాంటి కొత్తవాళ్ళు ఎక్కించింది, ఇందాక కోపంగా వచ్చిన కీర్తిప్రియ లాంటి చెకర్లు సరిచూస్తారు. తప్పు దొరికితే దాని పక్కన ఎర్ర గుర్తు. టీమ్ లీడర్ కృపాకర్ సార్ మొదటి రోజే చెప్పాడు.

"మంచు పడితే అక్కడ లీగ్ బంద్ అయితది. అప్పటిదాక నీకు ట్రయల్. ఎర్ర గుర్తులు తగ్గితే నౌకరి. తగ్గకపోతే దండం."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాడు నిఖిలేష్. దండం పెడితే పెట్టనీ, గుడిమల్కాపూర్‌లో బాపు పూల మండీ ఉండనే ఉంది.

ఆ ధీమా నెల తిరక్కుండానే కరిగింది. ఎందుకంటే మండీలో బంతి, చామంతి, లిల్లీ, గులాబీ అన్నీ ఉన్నాయి గానీ కీర్తిప్రియ లేదు. ఈ మేడ మీద తప్ప ఎక్కడా లేదు.

"ఇది పాస్ కాదు," అనేది ఆమె స్క్రీన్ మీద వేలుపెట్టి.

"ఏంది కాదు? వీడు తన్నిండు, వాడు తీసుకున్నడు."

"వీడు భయపడి తన్నిండు. పోయి వాని కాళ్ళకాడ పడ్డది. పాస్ అంటే ఎవరికి ఇస్తున్నమో ఎరుకుండి ఇచ్చేది."

"వాని మనసుల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది?"

"తన్నే ముందు తలెత్తి చూసిండా? చూస్తే పాస్. తల వంచుకొని తన్నితే లొల్లి వదిలించుకున్నట్టే."

అలా చెబుతూ ఆమె తలెత్తి అతని వంక చూసింది. ఒక్క క్షణమే. తర్వాత ఆ మ్యాచ్‌లో నిఖిలేష్ వరసగా తప్పులే కొట్టాడు. పక్క సీటు స్రవ్య కిసుక్కున నవ్వింది.

స్రవ్య కూడా చెకరే. ఆమెకో చరిత్ర ఉంది. పోయినేడు జుట్టు పెంచుకున్న ఒక ఫిన్లాండ్ ఆటగాడంటే పడిచచ్చి, వాడు కిందపడ్డ ప్రతిసారీ ఫౌల్ రాసిందట. కృపాకర్ సార్ ఆ టీమ్‌ను ఆమె చేతుల్లోంచి లాగేశాడు. అప్పట్నుంచి ఆఫీసులో ఒకటే రూలు. ఇష్టం ఉన్నవాళ్ళు ఇష్టం ఉన్నచోట సరిచూడకూడదు.

ఆగస్టులో ఒక సాయంత్రం వాన దంచి కొట్టింది. బజారు బజారంతా టార్పాలిన్ల కింద దూరింది. నిఖిలేష్ మెట్లు దిగి గాజుల షాపు ముందు ఇరుక్కుపోయాడు. పురుషోత్తం గారు లేచి మరీ తన స్టూల్ అతనికిచ్చాడు. నిఖిలేష్ సిగ్గుతో సగం చచ్చాడు.

"పైన ఏం పని చేస్తవు బిడ్డా?"

"ఫిన్లాండ్ ఆరో డివిజన్ ఫుట్‌బాల్ అంకుల్."

"ఆరోదా? మొదటి డివిజన్‌ల దొర్కలేదా?"

మెట్ల మీద నిలబడ్డ కీర్తిప్రియ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నిఖిలేష్ తగ్గలేదు.

"మొదటి డివిజన్‌ని దునియా మొత్తం చూస్తది అంకుల్. వీళ్ళు నౌకరీలు చేసుకొని, సొంత పైసలతోని బూట్లు కొనుక్కొని, వానల తడుసుకుంట ఆడుతరు. వాళ్ళు మంచిగ ఆడిన్రని రాసెటోళ్ళం మేమే. మేం తప్పు రాస్తే వాళ్ళు ఆడనట్టే."

పురుషోత్తం గారు అతని భుజం తట్టాడు. "మాట మంచిగున్నది," అని లోపలికి చాయ్ చెప్పాడు. కీర్తిప్రియ నవ్వడం మానేసింది. ఇంతకాలం ఈ పిల్లగాడికి అన్నీ ఆటలే అనుకుంది. చాయ్ తాగినంతసేపూ ఆమె చూపు వాన మీద కంటే అతని మీదే ఎక్కువగా ఉంది.

ఆ తర్వాత నిఖిలేష్ ఎర్ర గుర్తులు వారం వారం తగ్గుతూ వచ్చాయి. అతను కాలరెగరేశాడు. నౌకరి ఖాయం, సీటు ఖాయం, కీర్తిప్రియ కూడా సగం ఖాయం అనుకున్నాడు. ఫిన్లాండ్ మైదానాల పక్క చెట్లు పసుపు రంగుకు తిరిగాయి. లీగ్ చివరికొచ్చింది.

సరిగ్గా అప్పుడే కృపాకర్ సార్ పిలిచి చెప్పాడు. "ఇయ్యాల్టి సంది నీది స్రవ్య చూస్తది. కీర్తిప్రియ నీ పని చూడనన్నది."

"ఎందుకట సార్?"

"ఆమెనే అడుగు."

నిఖిలేష్ అడగలేదు. రోషం. చూడనన్నవాళ్ళను ఎందుకని అడిగేదేంటి? స్రవ్య చేతిలో పడ్డ మొదటి మ్యాచే ఎర్రబారింది. రెండోదీ అంతే. అప్పుడు అనుమానం మొదలైంది. తను ఉన్నట్టుండి చెడిపోయాడా? లేక తను అనుకున్నంత బాగుపడనే లేదా?

మూడో రోజు మెట్ల మీద ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"నా పని నచ్చకపోతే నాతోనే చెప్పొచ్చు గదా. సార్ దాక పోవుడేంది?"

"నచ్చక కాదు."

"మరేంది?"

కీర్తిప్రియ చేతి గాజులు ముందుకూ వెనక్కూ తోసింది. తర్వాత తలెత్తి, తడబడకుండా చెప్పింది.

"పోయిన నెల నీ మ్యాచ్‌ల ఒక తప్పు కనవడ్డది. ఎర్ర గుర్తు పెట్టబోయిన. పెడితే నీ నౌకరి పోతదేమో అనిపించింది. వదిలేసిన. తర్వాత ఇంకోటి. తర్వాత నీ తప్పులు వెతుకుడే మానేసిన. చెకర్‌కు గట్ల అనిపించొద్దు నిఖిలేష్. ఇష్టం ఉన్నచోట సరిచూడొద్దని రూల్ ఉన్నది."

"నీకు ఏ టీమ్ ఇష్టం?" అని అడిగాడు తెలివితక్కువ దద్దమ్మ.

"ఏ టీమ్ కాదు."

అర్థం కావడానికి రెండు మెట్లు దిగినంత సేపు పట్టింది. అర్థమయ్యాక రెయిలింగ్ పట్టుకున్నాడు.

"సార్‌కేం చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన. నేను ఆ పిలగాని పక్షం, నాతోని నాయం కాదు అని."

అంత సంతోషంలోనూ నిఖిలేష్ గుండెలో ఒక ముల్లు గుచ్చుకుంది. వానరోజు పెద్దమనిషి ముందు తను పలికిన మాటలేంటి, ఇప్పుడు ఫిన్లాండ్‌కు వెళ్ళిన లెక్కలేంటి? ఏ ప్లంబరో ఇచ్చిన పాస్ వేరే వాడి పేరు మీద ఎక్కి ఉంటుంది.

"నువ్వు వదిలేసినయన్నీ నాకు చూపెట్టు," అన్నాడు. "నేనే ఎర్ర గుర్తులు పెట్టుకుంట."

"పిచ్చా? రేపు సార్ లెక్క చూస్తడు. నౌకరి పోతది."

"పోతే పోనీ. నువ్వు తప్పులు దాస్తే దొంగతనంగ వచ్చిన నౌకరి నాకొద్దు."

"నౌకరి పోతే ఇక్కడ ఉండవు గదా?"

"ఉండ."

ఆమె కళ్ళు తడయ్యాయి. కానీ పైకి వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. ఇద్దరూ కూర్చుని ఒక్కో మ్యాచే తిరగేశారు. ఆమె చూపించింది, అతను గుర్తు పెట్టాడు. మధ్యలో ఒకచోట "ఇది తప్పు కాదు, పాసే" అని ఆమె వాదించింది. అతను ఒప్పుకోలేదు.

మర్నాడు కృపాకర్ సార్ లెక్క చూశాడు. చూసి కళ్ళజోడు తీశాడు.

"హద్దు దాటినయ్. నౌకరి ఇయ్యలేను. కాని గిసొంటోని పోగొట్టుకోను. ఆడ మంచు కరిగినంక రా, మళ్ళ ట్రయల్ పెడుత."

నిఖిలేష్ దండం పెట్టి మెట్లు దిగాడు. ఆరో డివిజన్ కింద ఇంకో డివిజన్ కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది అతనికి. అయినా తల దించుకోలేదు.

గుడిమల్కాపూర్ మండీ తెల్లారకముందే మేలుకుంటుంది. బాపు రాజన్న గల్లా దగ్గర, నిఖిలేష్ బంతిపూల కుప్ప దగ్గర. కీర్తిప్రియ రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. ఆ వారం మాత్రం రెండు రోజులు చెయ్యలేదు. ఇంట్లో చెప్పేసి ఉంటుంది, గొడవై ఉంటుంది అనుకున్నాడు. ఆ రోజు పని ముగియగానే తనే లాడ్ బజార్ వెళ్ళి పురుషోత్తం గారి ముందు నిలబడాలని తేల్చుకున్నాడు.

అప్పుడే ఎండ పొడ పడుతోంది. తట్టల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ పురుషోత్తం గారే వచ్చాడు. వెనక ఆయన భార్య సుశీల. ఆమె వెనక, నవ్వు ఆపుకోలేక చున్నీ కొరుకుతూ కీర్తిప్రియ.

నిఖిలేష్ చేతిలో పూలు చేతిలోనే ఉండిపోయాయి.

"రండ్రి సేటూ, ఏం పూలు గావాలె?" అన్నాడు రాజన్న.

"పూలకు రాలే అన్నా," అన్నాడు పురుషోత్తం గారు. "మాది లాడ్ బజార్, గాజుల యాపారం. ఇది మా బిడ్డ. నౌకరి పోయినా మంచిదే గాని తప్పు లెక్క వద్దన్న పిలగాడు ఒకడున్నడని రెండు రోజుల సంది ఇల్లు పీకి పందిరేస్తున్నది. యాపారం చేసెటోన్ని, గసొంటోని ఇలువ నాకెరుకే. మీ కొడుకును అడగనీకి వచ్చిన."

మండీ లొల్లి అంతా ఎక్కడికో పోయినట్టయింది నిఖిలేష్‌కు. నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి అదే నోరు మూసుకుని, పురుషోత్తం గారికి స్టూల్ జరిపాడు.

రాజన్న కొడుకును చూశాడు. అమ్మాయిని చూశాడు. ఇంకా ఒక్క రూపాయి కూడా పడని గల్లా వంక చూసి, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"బోణీ బేరం సేటూ," అన్నాడు. "కాదంటనా?"