పదకొండో మంగళవారం

మేస్త్రి బంగ్లా దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు.

పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, తారు రోడ్డు వదిలి అడవిలోకి రెండు కిలోమీటర్లు నడిస్తే వస్తుంది ఆ బంగ్లా. ఎప్పుడో రోడ్డు పనికి వచ్చిన మేస్త్రి ఒకడు కట్టుకున్నాడట. ఆయన బిడ్డకు జ్వరం ముదిరితే, భార్య అర్ధరాత్రి తడిబట్టతో బంగ్లా వెనకున్న రాయి చుట్టూ తిరిగింది. అది ఆ ఊరి మొక్కు. పదకొండు మంగళవారాలు, రాత్రికి పదకొండు చుట్లు. తిరిగేవాళ్లు మాట్లాడకూడదు, వాళ్లను ఎవరూ పిలవకూడదు. మేస్త్రికి మెలకువ వచ్చింది. పక్కన భార్య లేదు. వరండాలోంచి పేరు పెట్టి పిలిచాడు...

తెల్లారేసరికి బిడ్డ పోయింది. మర్నాటి రాత్రి భార్య కూడా కనపడకుండా పోయింది. మిగిలిన చుట్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉందని ఊరివాళ్లు అంటారు.

నాకు ఈ సంగతి చెప్పింది సంతోష్. తల్లాడ దగ్గర తండాలో దస్రు కొడుకు. మేమిద్దరం ఖమ్మంలో సైన్స్ సంఘం నడిపినవాళ్లం. బాబాల ముందే నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ లేదు, భౌతికశాస్త్రమే ఉందని చూపించినవాళ్లం. ప్రశ్నించనివాడు బానిస అని గోడల మీద రాసి తన్నులు తిన్నవాళ్లం. సంతోష్ అబద్ధం చెప్పడు. దెయ్యం కథ అసలే చెప్పడు.

2006లో వాడికి మేస్త్రి బంగ్లాలోనే ఉద్యోగం వచ్చింది. అరవై తొమ్మిదిలో భద్రాచలం పక్క భూమి కదిలింది కదా, మళ్లీ కదిలితే పట్టుకోవాలని అక్కడ ఒక చిన్న కేంద్రం పెట్టారు. కింద పరుపుబండ ఉంది, చుట్టూ మనిషి అలికిడి లేదు. అలాంటి చోటు కావాలి ఆ పనికి. బంగ్లా వెనక గుంటలో ఒక పరికరం. లోపల గదిలో డ్రమ్ము, దాని చుట్టూ కాగితం, కాగితం మీద సన్నగా గీత గీసే ముల్లు. భూమి వణికితే గీత లావెక్కుతుంది.

ఆ చోటు ఎంచింది డాక్టర్ పగిడయ్య. పెనుబల్లి పక్క పల్లెలో పుట్టి, వీధిదీపం కింద చదివి సైంటిస్టు అయిన మనిషి. మా సభలన్నిటికీ ఆయనే ముఖ్య వక్త. "ల్యాబులో కోటు, చొక్కా కింద తాయెత్తు! సైంటిస్టులే ఇట్లా రెండు బతుకులు బతికితే ఈ దేశానికి చీకటి తప్ప ఏం మిగుల్తది?" అని ఆయన వేదిక మీద అడిగితే మా ఒళ్లు జలదరించేది. ఆ మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

వారానికోసారి, మంగళవారం, ఆయన జీపు తానే నడుపుకుంటూ వచ్చి కాగితాలు చూసేవాడు. సాయంత్రం ఆరింటికి రిజిస్టర్లో సంతకం పెట్టి, ఖమ్మంలో ఖానాపురం హవేలి వాడలో ఉన్న ఇంటికి వెళ్లిపోయేవాడు.

వానాకాలం మొదలయ్యాక కాగితం మీద అవి కనపడ్డాయి.

ఏ మంగళవారం చూసినా రాత్రి రెండు దాటాకనే. గీత మెల్లగా లావెక్కి, సన్నబడి, మళ్లీ లావెక్కి... మొత్తం పదకొండు ఉబ్బులు. ఒక్కోదాని మధ్య దూరం ఒకటే. భూకంపం అట్లా రాయదు. లారీ అట్లా రాయదు. అడవిపంది అసలే రాయదు. సంతోష్ స్కేలు పెట్టి కొలిచాడు. ఏదో దగ్గరికి వస్తోంది, దూరం పోతోంది, మళ్లీ దగ్గరికి వస్తోంది.

అంటే... చుట్టూ తిరుగుతోంది.

వాచ్‌మన్ సమ్మయ్యను అడిగాడు. సమ్మయ్యది ఆ ఊరే. భార్య ముత్తక్కతో బంగ్లా పక్క గుడిసెలో ఉంటాడు.

"నేను కాదు సారూ."

"మరి ఎవరు?"

"అడుగులు వినపడితే తలుపేసుకుంటం. చూడం."

"వాచ్‌మన్‌వి నువ్వే చూడకపోతే ఎట్ల?"

"దొంగైతే చూస్త. అది దొంగ గాదు."

ముత్తక్క గుడిసెలోంచే అంది. "భూమి కింద ఏమున్నదో రాస్తదంట మీ ముల్లు. ఎవరొచ్చిండ్రో పేరు రాయనీకి దానికేం రోగం?"

తొమ్మిది వారాల కాగితాలు చూసి పగిడయ్య సార్ ఒక ఉత్తరం రాశాడు. వాచ్‌మన్ రాత్రిళ్లు తాగి పరికరం దగ్గర తిరుగుతున్నాడు, రికార్డు పాడవుతోంది, ఒకటో తారీఖు నుంచి తొలగించాలి. సమ్మయ్య తాగుతాడు, నిజమే. డ్యూటీలో తాగడు. ఆ మాట వినేదెవరు? అడవిలో పుట్టినవాడి మాటకు ఏ ఆఫీసులోనూ కుర్చీ వేయరు.

"ఆయన కాదు సార్, ఎవరో నేను చూపిస్త" అన్నాడు సంతోష్.

"చూపించు" అన్నాడు సార్, తల ఎత్తకుండా.

పదోసారి సంతోష్ కాపలా కాశాడు గానీ ముసురులో కునుకు పట్టింది. లేచేసరికి కాగితం మీద పదకొండు ఉబ్బులూ పడి ఉన్నాయి. మిగిలింది ఒక్క మంగళవారం. ఆ పైన ఒకటో తారీఖు.

ఆ మంగళవారం సాయంత్రం జీపు వెళ్లిపోయాక ముత్తక్క అన్నం తెచ్చిపెట్టింది. పోతూ గుమ్మంలో ఆగింది.

"తమ్మీ... చూస్తే చూడు గానీ, పిలవకు."

"ఎందుకక్కా?"

"ఎనక నుంచి చూస్తే బతికినోళ్లెవరో, సచ్చినోళ్లెవరో తెల్వదు. బతికినోళ్లను పిలిస్తే మొక్కు చెడుతది. సచ్చినోళ్లను పిలిస్తే..."

"పిలిస్తే?"

"ఎనక్కి తిరుగుతరు."

సంతోష్ నవ్వాడు. నవ్వు నోట్లోనే ఉండిపోయిందని తర్వాత నాకు చెప్పాడు.

రాత్రి. బ్యాటరీ దీపం చిన్నది చేసి డ్రమ్ము ముందు కూర్చున్నాడు. బయట సన్నగా వాన. కిటికీ అవతల చీకటి ముద్దలా ఉంది. ముల్లు కాగితం మీద గీస్తున్న చప్పుడు... అది తప్ప ఇంకేమీ లేదు.

ఒంటిగంట. ఒంటిగంటన్నర. రెండు.

రెండూ పది.

గీత లావెక్కింది.

చెవికి ఏమీ వినపడలేదు. అడుగు లేదు, ఆకు కదల్లేదు. కానీ ముల్లు వణుకుతోంది... దగ్గరికి... ఇంకా దగ్గరికి... గోడకు అవతలే. తర్వాత సన్నబడింది.

ఒకటి.

సంతోష్ టార్చి పట్టుకున్నాడు, వెలిగించలేదు. చెప్పులు విప్పేశాడు. రెండు... మూడు... లేవాలనుకుంటాడు, కాళ్లు లేవవు. నిప్పుల మీద నడిచిన కాళ్లు. నాలుగు. ఐదు. పోతే ఇప్పుడే పోవాలి. పదకొండు అయిపోతే సమ్మయ్య బతుకూ అయిపోతుంది.

ఏడో ఉబ్బు దగ్గర లేచాడు. వెనక తలుపు మెల్లగా తోశాడు.

రాయి. దాని అవతల తెల్లగా ఏదో.

తడిసిన బట్ట ఒంటికి అతుక్కుపోయి ఉంది. తల వంగి ఉంది. గుండెల దగ్గర రెండు చేతులతో చిన్న గౌను పట్టుకుని ఉంది, పిల్లల గౌను... నడక మనిషి నడకలా లేదు. కాళ్లు నేలను మోస్తున్నట్టు ఉన్నాయి. రాయి పక్క నుంచి వచ్చి, సంతోష్‌కు నాలుగు అడుగుల దూరంలో వీపు చూపిస్తూ దాటిపోయింది. ఎనిమిది.

మళ్లీ వస్తోంది.

పిలవకు... ముత్తక్క మాట చెవిలో ఉంది. పిలవకపోతే సాక్ష్యం లేదు. సాక్ష్యం లేకపోతే సమ్మయ్య లేడు.

టార్చి వేశాడు.

ముందు బట్టతల మెరిసింది. తర్వాత మెడ. ఆ మెడను వాడు వేదికల మీద వంద సార్లు చూశాడు.

"పగిడయ్య సార్..."

ఆ ఆకారం ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

వాన ముఖం మీది నుంచి కారుతోంది. చాలా చిన్న గొంతుతో అన్నాడు.

"ఇంకా మూడే ఉండె, సంతోషూ."

జీపు తారు రోడ్డు పక్కన చెట్ల చాటున పెట్టి నడిచి వచ్చేవాడట, పదకొండు వారాలుగా. కూతురు సోనికి తొమ్మిదేళ్లు. హైదరాబాద్ దవాఖానాలో ఉంది. రెండు కిడ్నీలూ పోయాయి. ఒకరోజు మధ్యాహ్నం అన్నం పెడుతూ సార్‌కు ఈ మొక్కు సంగతి చెప్పింది ముత్తక్కే.

"ముల్లు రాస్తదని మీకు తెలుసు గద సార్."

"తెలుసు."

"సమ్మయ్య మీద రాసింది మీరే గద."

"రాసిన." కూతురి గౌను పిండుతూ అన్నాడు. "సైంటిస్టు రాయి చుట్టూ తిరిగిండని రాయలేకపోయిన."

"నమ్ముతున్నరా సార్?"

"లేదు. ఒక్క చుట్టు కూడా నమ్మి తిరగలే." పిండిన గౌను మడత పెట్టాడు. "డాక్టర్లు ఇగ ఏం చేయలేమన్నరు. ఊకె కూసోనుడు రాలే నాకు."

లోపలికి వచ్చి, తడి చేత్తోనే లాగ్ బుక్కులో రాశాడు. మంగళవారాల కదలికలకు కారణం వాచ్‌మన్ కాదు, నేను. కింద పూర్తి సంతకం. ఫైల్లోని తన ఉత్తరం నకలు చింపేశాడు. మిగిలిన మూడు చుట్లు తిరగలేదు. సంతోష్ తిరగమన్నాడు. "పిలుపు పడ్డంక లెక్కకు రాదు" అని సార్ చీకట్లోకి నడిచి వెళ్లిపోయాడు.

లాగ్ బుక్కులో రాసింది చూసి ఆఫీసువాళ్లు ఆ ఉత్తరం పక్కన పెట్టారు, సమ్మయ్య ఉద్యోగం నిలిచింది. సార్ మర్నాటి నుంచే సెలవు పెట్టి హైదరాబాద్ పోయాడు. మళ్లీ రాలేదు.

సంతోష్ ఇదంతా నాకు నిరుడు చెప్పాడు, ఖమ్మంలో నా కిరాయి గదిలో. నాకు కోపం వచ్చింది. సార్ మీద, రాయి మీద, పేదవాడి పొట్ట కొట్టి దాక్కున్న ఆయన పిరికితనం మీద. సాక్ష్యం పట్టినందుకు వాడిని మెచ్చుకున్నాను కూడా. తర్వాత అడిగాను.

"పాపకెట్లుంది?"

"తెల్వదు."

"రెండేండ్లయింది. అడగలేదా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు పిలిచినదానికీ, పాప జబ్బుకూ ఏం సంబంధం? అడిగితే ఒక్క మాటతో తేలిపోతది గద."

"అవ్. తేలిపోతది" అన్నాడు సంతోష్. జేబులోంచి ఫోను తీసి సార్ నంబరు పెట్టి నా ముందుకు తోశాడు. "నువ్వు చెయ్."

చేశాను. ఎందుకు చేయను?

ఒక రింగు. రెండు. మూడో రింగుకు నా వేలే పోయి కట్ చేసింది.

ఫోను బల్ల మీద పెట్టాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అప్పుడు అది మోగింది. తెర మీద పగిడయ్య సార్ పేరు వెలుగుతోంది... ఆరుతోంది... వెలుగుతోంది.

ఆగిపోయేదాకా మోగింది. ఎవరమూ ఎత్తలేదు.