ఆరక్షరాల హాల్లో హంతకుడు

లిఫ్టు ఎక్కేటప్పుడు డిపార్టుమెంటు కొరియరు బతికే ఉన్నాడు. పక్కనున్న పెద్దమనిషెవరో నవ్వుతూ చెయ్యి కలిపాడట. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి లోపల కొరియరు ఒక్కడే ఉన్నాడు, అదీ నేలమీద. అరచేతిలో ఆవగింజంత సూదిగాటు.

"ఉంగరంలో విషపు సూది," అన్నాడు చీఫ్, ఫోటోని టేబుల్ మీదుగా తోస్తూ. "విదేశీ ముఠా పని. మొహం గుర్తుపట్టగలవాళ్ళెవరూ లేరు. తర్వాతి టార్గెట్ మాస్టారు."

ఫోటో మీదికి వంగిన ఏజెంట్ ముంగిస చటుక్కున తలెత్తాడు. మాస్టారు డిపార్టుమెంటులో ముప్ఫై ఏళ్ళు రహస్య లిపులు విప్పి రిటైరైన మనిషి. ముంగిసకి ఈ విద్యలో ఓనమాలు దిద్దించింది ఆయనే, తండ్రి పోయినప్పుడు భుజం మీద చెయ్యేసి నిలబడిందీ ఆయనే. ముఠా సందేశాలు చదివే కీ ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. రేపు కోర్టులో చెప్పబోతున్నారు. ఇవాళ మాత్రం ఇంగ్లీషు పదాల పోటీ ఫైనల్స్‌కి వెళ్ళి తీరాలని పట్టుబట్టారు. ఏటా ఆ పజిల్ తయారుచేసేది ఆయనే మరి. గెలిచినవాళ్ళ దగ్గరికెళ్ళి చెయ్యి కలిపేదీ ఆయనే.

పోటీ రద్దు చేద్దామని ముంగిస అడిగాడు. చీఫ్ తల అడ్డంగా ఊపాడు. రద్దుచేస్తే హంతకుడు జారుకుని రేపు కోర్టు మెట్ల మీద కాచుకుంటాడు. ఇవాళే పట్టుకోవాలి, ఉంగరంతో సహా.

పదకొండు గంటలకి ముంగిస టీ సర్వరు వేషంలో హాల్లో ఉన్నాడు. అతికించిన మీసం, చెవిలో ఇయర్‌ఫోను, కాలర్లో మైకు, కళ్ళజోడులో కెమెరా, చేతిలో స్టీలు ట్రే. హాల్లో నలభై టేబుళ్ళు, ఒక్కోదాని మీద ఒక జవాబు కాగితం, ఒక రఫ్ కాగితం, ఒక చిన్న గంట.

టైమ్‌కీపరు కుర్చీలో ముత్యం కూర్చుంది. ఇటు డిపార్టుమెంటు జీతమూ, అటు ముఠా జీతమూ తీసుకునే డబుల్ ఏజెంట్. మెడలో ముత్యాలు, పెదాల మీద నవ్వు, ఆ నవ్వు ఎవరికోసమో ఆ పైవాడికే తెలియాలి. ముంగిస కప్పు అందిస్తూ కోడ్ వర్డ్ అన్నాడు.

"ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది, గాలే రావట్లేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఇవాళ్టి జవాబులు వాళ్ళకి నిన్ననే అందాయి. చీఫ్‌కి చెప్పే, ఎరగా ఆ లిస్టుని నేనే చెత్తబుట్టలో పెట్టాను. తీసుకున్నదెవరో చూళ్ళేదు. కానీ మాస్టారితో చెయ్యి కలపాలంటే వాడు గెలవాలి."

బోర్డు మీద తెర లేచింది. ఎ, ఇ, ఎల్, పి, ఎస్, టి. ప్రతి మాటలోనూ ఆరు అక్షరాలూ ఒక్కోసారే వాడి, మొత్తం ఆరు మాటలు రాయాలి. ముందుగా పూర్తిచేసినవాళ్ళు గంట కొట్టాలి.

జవాబులు ముందే తెలిసినవాడు వేగంగా రాస్తాడు కదా అనుకున్నాడు ముంగిస. పదిహేడో టేబుల్ దగ్గర ఒకతను చెమటలు కక్కుతూ గబగబా రాస్తున్నాడు, వేలికి లావుపాటి ఉంగరం. మైకులో మాట వెళ్ళింది. ఇద్దరు మనుషులొచ్చి అతన్ని మర్యాదగా బయటికి తీసుకుపోయారు. ఎనిమిది నిమిషాలు గడిచాక కబురొచ్చింది. అది ఉత్త పెళ్ళి ఉంగరం. పాపం, మనిషికి పరీక్షలంటే భయమట.

మూడో వరుసలో ఎవరో ట్రే పట్టుకుని ఆపారు. చూస్తే అత్తగారు! ఫైనల్స్‌కి వెళ్తోందని భార్య చెప్పే ఉంటుంది, ఇతగాడు వింటేగా. ఆవిడ దృష్టిలో అల్లుడు ఇన్సూరెన్సు ఆఫీసరు.

"ఉద్యోగం పోయిందా బాబూ?" అందావిడ గుసగుసగా, కళ్ళనిండా జాలితో.

"తర్వాత చెప్తానత్తయ్యా. నన్ను ఎరగనట్టు ఉండండి."

"సరేలెండి. నా బాధ నాది. ముందు వరుసలో ఆ బూడిదరంగు కోటాయన్ని చూడండి. పైకప్పు చూస్తాడు, ఓ మాట రాస్తాడు. రఫ్ కాగితం మీద చుక్క సిరా లేదు. ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నాను, ఇలాంటి బుర్ర ఎక్కడా చూళ్ళేదు."

ఓర్వలేనితనం అనుకుని ముంగిస ముందుకి కదిలాడు. చివరి వరుసలో కప్పు పెడుతూ ఒకామె రఫ్ కాగితం చూశాడు. ఆరు అక్షరాలూ గుండ్రంగా రాసుంది, చుట్టూ కొట్టివేతలు. పక్క టేబుల్ మీదా అంతే. ఆ పక్కదీ అంతే. అక్షరాల్ని చక్రంలా పేర్చి తిప్పితే తప్ప ఈ ఆటగాళ్ళెవరికీ మాట తట్టదన్నమాట! లిస్టు బట్టీపట్టినవాడికి చక్రంతో పనేముంది?

టింగ్.

బూడిదరంగు కోటు లేచి నిలబడింది. మాస్టారు అప్పుడే ఆ టేబుల్ చేరుకుని, కాగితం ఎత్తి మురిసిపోతూ చదువుతున్నారు.

"ప్లేట్స్... పెటల్స్... ప్లీట్స్..."

ముంగిస పరుగెత్తాడు. కప్పులు దబదబా రాలాయి. మధ్యలో పది వరుసలు.

"స్టేపుల్... పాస్టెల్..."

కోటాయన ఎడమచేత్తో కుడిచేతి ఉంగరాన్ని అరచేతివైపు తిప్పుకున్నాడు. ముంగిస ట్రేని ముందుకి చాచి దూకాడు.

"పేలెస్ట్! ఆరుకి ఆరూ! శభాష్," అంటూ మాస్టారు చెయ్యి చాచారు.

రెండు అరచేతుల మధ్యకి స్టీలు ట్రే దూసుకొచ్చింది. సూది దానికి తగిలి వంగిపోయింది. కోటాయన వెనక్కి తిరిగి తలుపువైపు ఉరికాడు. ఆ తలుపుని అప్పటికే మూసి, వీపు ఆనించి నిలబడింది ముత్యం. ఈ పూటకి ఆమె ఎటువైపో అలా తేలింది. డిపార్టుమెంటు మనుషులు వాణ్ణి బోర్లా పడేసి ఉంగరం లాగేశారు.

 చాచినది చాచినట్టే ఉన్న మాస్టారి చెయ్యిని ముంగిస రెండు చేతులా పట్టుకున్నాడు. ఏడుపొచ్చింది, సిగ్గుపడలేదు.

"ఇక్కడే ఉన్నాను లేరా," అన్నారు మాస్టారు మెల్లగా.

హాలంతా వాణ్ణే చూస్తుండగా మూడో వరుసలో గంట మోగింది. అత్తగారు కాగితం ఎత్తిపట్టుకుని, తనకీ ఆరు వచ్చాయనీ, వాళ్ళ గొడవ అయిపోతే ఎవరైనా వచ్చి చూడాలనీ అడుగుతోంది. మాస్టారు సంతోషంగా అటు అడుగేశారు. చెవిలో ఇయర్‌ఫోను గరగరలాడింది.

"రూల్ అంటే రూల్," అన్నాడు చీఫ్. "చెయ్యి కలిపేముందు ఆవిడ ఉంగరాలన్నీ తీయించి సోదా చెయ్యి."

విషం, తుపాకి, బాంబు వీటన్నిటికీ ట్రైనింగిచ్చిన డిపార్టుమెంటు, అత్తగారి సోదా తర్వాత ఇంటికెలా వెళ్ళాలో మాత్రం ఎవరికీ నేర్పలేదు.