తెర మింగిన చీకటి

గోదావరిఖని అవతల మూతపడ్డ పాత బాయి ఒకటుంది. మా దిక్కు బొగ్గుగనిని బాయి అంటారు. అక్కడ మనిషి లేని లైటు తిరుగుతుందని పేరు. పక్కనే ఉన్న బొగ్గు యార్డులో, కెమెరా తెర మీద దాన్ని చూసిన కాపలాదార్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పకుండానే పని మానేశారు.

నాకిది చెప్పింది సాబిర్. ఒకప్పుడు నా దగ్గర చదివాడు, ఇప్పుడు కెమెరాలు బాగుచేస్తాడు.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక తెర బాగుచేయడానికి అతను యార్డుకు పోయేసరికి, కాపలా సదానందం కుర్చీలో కూలబడి ఉన్నాడట. సగం జీవితం బాయిలో గడిపి, రిటైరయ్యాక మళ్లీ ఈ డ్యూటీ. నిద్రలేని కళ్లు. పైగా ఆ రోజు ఇంకో ఫికర్... వాళ్ల చిన్నవ్వ, అంటే పిన్ని, పోశవ్వ తప్పిపోయిన మేకను వెతకబోయి పొద్దటి నుంచి ఇంటికి రాలేదు. దవాఖాన, బస్టాండు అన్నీ చూశారు. జాడ లేదు.

"తెరకేమైంది కాక?"

"ఏమైతది... నల్లగుంటది. అగో, లైటాయన వచ్చిండు చూడు."

తెర నిండా నలుపు. నడుమ ఒక్క లైటు... అడ్డంగా ఊగుతోంది — ఇటు, అటు.

సాబిర్ తెర దగ్గరికి వంగాడు. "దగ్గరికి పోయి చూసినవా?"

"ఎట్ల పోతరా? బాయిల లైటు అడ్డంగ ఊపితే ఆగాలె. అడుగు తియ్యొద్దు. నా కాళ్లకు గదే అలవాటు."

భయం కనబడకుండా సాబిర్ సెట్టింగులు తెరిచాడు.

"రంగుల లోతు పదహారు బిట్లకు ఎవరు దించిండ్రు?"

"కంప్యూటర్ జల్ది నడుస్తదని మా సూపర్‌వైజర్."

"సిగ్నల్ గూడ తప్పే. కంప్యూటర్ 'ఫుల్' పంపుతుంటే తెర 'లిమిటెడ్' మీద ఉన్నది. సన్న నలుపులన్నిటిని ఒక్కటే నలుపు చేసి మింగుతున్నది."

బడి పిల్లలకైతే నేనిలా చెబుతాను: నలుపులోనూ మెట్లుంటాయి. కింది మెట్లు చెరిపేస్తే, వాటి మీద కూర్చున్న మనిషి కూడా చెరిగిపోతాడు.

సాబిర్ లోతు ముప్పై రెండు చేశాడు. తెరను ఫుల్‌కు మార్చాడు.

నలుపు మెల్లగా విచ్చుకుంది. ముందు మట్టికుప్ప... తర్వాత తుమ్మ పొద... పొద పక్కన, ముడుచుకుని కూర్చున్న ముసలామె.

"చిన్నవ్వ!" సదానందం లేచాడు. "రమ్మని ఊపుతుంటే... నేను ఆగుమన్నదనుకుంటి..."

ఇద్దరూ ఉరికారు. సగం దూరం పోయారో లేదో — లైటు గట్టిగా ఊగింది. అడ్డంగా. సదానందం కాళ్లు అక్కడే బిగుసుకున్నాయి.

"నడువు కాక! ముసలామెకు ఏమన్నయితే—"

"ఆగు."

సాబిర్ విసుగ్గా ఫోను వెలుతురు కిందికి తిప్పాడు.

ఒక్క అడుగు ముందు నేల లేదు. కుంగిపోయి ఉంది... అడుగు కనబడనంత లోతు.

చుట్టు తిరిగి పోయారు. పోశవ్వ కాలు నెర్రెలో ఇరుక్కుంది. రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఉంది.

"ఇంతసేపారా బిడ్డా..." గొంతు గుసగుసలా వచ్చింది.

"లైటు ఊపేది నువ్వని తెల్వకపాయె చిన్నవ్వ. ఏది, లైటిటియ్యి."

"నాకాడ లైటేడిదిరా? మీ చిన్నబాపు ఊపిండు గద."

చిన్నబాపు అంటే ఆమె పెనిమిటి రఘుపతి. ఆ బాయిలో సర్దారు. పైకప్పు తట్టి చూసి, బాగాలేని చోట లైటు అడ్డంగా ఊపి మనుషులను ఆపడమే ఆయన పని. ఏండ్ల కింద, ఆ పనిలోనే, ఆ బాయిలోనే పోయాడు.

అంతా విన్నాక, పాఠం ముగించే అలవాటు కొద్దీ అడిగాను.

"లైటు పట్టుకున్న చెయ్యి తెర మీద కనబడ్డదా సాబిర్?"

"తుమ్మ ముండ్లు గూడ కనబడ్డయి సార్. చెయ్యి లేదు."

"లోతు ఇంకా పెంచి చూస్తే?"

సాబిర్ మొహం రుద్దుకున్నాడు.

"ఆ తెరకు గంతే సార్..."