వెనక సీటు

ఆ సముద్రపు ఊళ్ళో జంటల కోసమని చేసిన ఏర్పాట్లన్నీ మెకానిక్ మీద కక్షగట్టి చేసినట్టే ఉన్నాయి. రెండు రోజుల ప్యాకేజీ, ఏడు కూపన్లు. మొదటి కూపనుకి ఇసుకలో ఇద్దరి పేర్లూ రాస్తారు. రాసేవాడు రెండో పేరు మొదలుపెట్టకముందే అల వచ్చి మొదటి పేరు తుడుచుకుపోయింది. రెండోది కొవ్వొత్తుల భోజనం. గాలికి కొవ్వొత్తి ఒక్క నిమిషం నిలవక, వడ్డించేవాడు అగ్గిపెట్టెతో బల్ల పక్కనే కాపలా కాశాడు. అతని ఎదుట మొగుడూ పెళ్ళాలు ఏం మాట్లాడుకుంటారు? గుండె ఆకారపు చట్రంలోంచి తలలు బయటపెట్టి ఫోటో దిగితే, అందులో మెకానిక్ పంటినొప్పితో వచ్చినవాడిలా పడ్డాడు.

అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పదిహేను అంతస్తుల ఎత్తున తాడుకు వేలాడుతూ పనిచేయమంటే చేస్తాడు గానీ, మనసులో మాట చెప్పమంటే నోరు పెగలదు. ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఒక మాట కోసం. ఎనిమిది నెలల కిందట అతని అత్తగారు ఆస్పత్రిలో పోయారు. ఆ సాయంత్రం భార్య ఒక్కతే పై అంతస్తులో తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. మెకానిక్ అంతా అయిపోయాక వచ్చాడు. ఎక్కడో లిఫ్టు ఇరుక్కుపోయిందని, లోపల మనుషులున్నారని చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. అలాగని నిలదీయనూ లేదు. ఇంట్లో మాటలు మాత్రం రోజురోజుకీ తగ్గిపోయాయి. బయల్దేరే ముందు ఒక్కటే తేల్చి చెప్పింది. ఈ రెండు రోజుల్లో ఆనాటి సంగతి నిజం చెబితే కలిసి ఇంటికి వెళ్ళడం, లేదంటే అక్కడినుంచే తను అక్క ఊరి బస్సెక్కడం, ఇక తిరిగి రాకపోవడం.

చెప్పాలనే ఉంది అతనికి. పడవలో చెబుదామంటే పడవవాడు ప్రేమపాటలు చెవులు పగిలేలా పెట్టాడు. గవ్వలు ఏరుకునే కూపనులో ధైర్యం కూడగట్టుకుని నోరు తెరిచాడు. ప్యాకేజీవాళ్ళ అమ్మాయి పరుగున వచ్చి, మేడం భుజం మీద చెయ్యి వేయండి సార్, ఫోటో బాగా వస్తుంది, అంది. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఉన్న ఒక్క మాటా మళ్ళీ గొంతులోకి దిగిపోయింది.

రెండో రోజు సాయంత్రానికి చివరి కూపను మిగిలింది. రెండు సీట్ల సైకిలు. సముద్రం గోడ వెంబడి దీపస్తంభం దాకా వెళ్ళి రావాలి. ఏడింటికి ఇంటికెళ్ళే బస్సు. అప్పటికే గది ఖాళీ చేసి, సంచులు సైకిళ్ళ దుకాణంలో పెట్టారు. దుకాణం పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. రెండు జతల పెడళ్ళూ కలిసే తిరుగుతాయని, ఒకరు తొక్కితే ఇద్దరి కాళ్ళూ కదలాల్సిందేనని చెప్పింది. గంట వెనక హ్యాండిలుకి ఉంది. వెనకవాళ్ళు కుదురుగా కూర్చుని రెండుసార్లు గంట కొడితేనే ముందువాళ్ళు తొక్కాలి. పెళ్ళాన్ని రోడ్డు మీద వదిలేసి దీపస్తంభం దాకా కబుర్లు చెప్పుకుంటూ పోయిన మొగుళ్ళు బోలెడుమంది ఉన్నారట.

అక్కడే గొడవైంది. ఈ పిచ్చి ఆటలన్నీ నీకోసమే ఆడుతున్నాను అన్నాడతను. నేనడిగింది ఆటలు కాదు అందావిడ. మూతి ముడుచుకుంది. వాళ్ళింట్లో అలకకి ఒక పద్ధతుంది. ముందు తిరిగి చూసినవాళ్ళు ఓడినట్టు. ఆరేళ్ళ కాపురంలో మెకానిక్ ఒక్కసారీ ఓడలేదు, దాని మీద కాస్త గర్వం కూడా. ముందు సీటెక్కి, హ్యాండిలు పట్టుకుని, తిన్నగా సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి వెనక సీటు కిర్రుమంది. గంట రెండుసార్లు మోగింది. అతను తొక్కాడు.

ఇంకా వెలుగుంది. గోడకి అవతల అలలు, ఇవతల మూతపడిన కొట్లు. ఒడ్డున కుళ్ళిన నాచు వాసన, తడిసిన తాళ్ళ వాసన. కొట్లు దాటేసరికి సముద్రం మీంచి పొగమంచు దిగడం మొదలైంది. ముందు దీపస్తంభం కనబడలేదు. తరవాత గోడ కనబడలేదు. చివరికి ముందు చక్రం, దాని కింద నాలుగడుగుల రోడ్డు మిగిలాయి. అలల చప్పుడు కూడా ఎవరో తలుపు మూసినట్టు తగ్గిపోయింది. గొలుసు చప్పుడొక్కటే వినబడుతోంది.

ఆవిడ బాగానే తొక్కుతోంది. అతని కాళ్ళకి శ్రమే తెలియడం లేదు. నాచు వాసన పోయి ఇంకేదో వాసన వచ్చింది. తెలిసిన వాసనే. ఫినాయిలు... కొట్టు ఎవరో కడుగుతున్నారేమో అనుకున్నాడు. కొట్లు దాటి చాలాసేపైంది.

"కిందే ఉన్నారు కదా?"

వెనక నుంచి, చాలా మెల్లగా. మీరు అంటోంది. కోపం ముదిరితే ఆవిడ మీరు అంటుంది.

"ఎక్కడ?"

"ఆస్పత్రిలో. కింద."

సైకిలు అటూ ఇటూ ఊగింది. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆస్పత్రి కాపలావాడు చెప్పాడా? ఎనిమిది నెలలుగా తెలిసే ఊరుకుందా? అయినా తిరిగి చూడలేదు. మొహం కనబడకపోవడమే మేలైంది. రెండు రోజులుగా రాని మాట మంచులోకి దానంతటదే వచ్చేసింది.

"లిఫ్టు పక్కన బెంచీ మీద కూర్చున్నాను," అన్నాడు. "గంటపైనే. మూడుసార్లు లేచాను. తలుపు తెరుచుకునేది... కాళ్ళు కదిలేవి కావు. పోయేవాళ్ళని చూడలేను నేను. మా నాన్నప్పుడూ అంతే, పారిపోయాను. పని అని అబద్ధం చెప్పాను. తప్పు నాది. ఒంటరిగా వదిలేశాను."



"వస్తున్నారనే అనుకున్నాం. చివరిదాకా."

అతనికి కళ్ళు నిండాయి. ఇంత కాలం ఇంత చిన్న మాటకా తను చచ్చి బతికింది? సిగ్గేసింది, తేలికగానూ అనిపించింది. ఇంటికి వస్తావా అని అడిగాడు.

"వస్తాను."

అంతే. అతను ఊపిరి పీల్చుకుని, పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేశాడు. దిగుడు రోడ్డు, దానంతటది పోతుందిలే అనుకున్నాడు.

పెడళ్ళు ఆగలేదు.

తిరుగుతూనే ఉన్నాయి. ఇంకా వేగంగా. నెమ్మదిగా తొక్కు, అన్నాడు నవ్వుతూ. బ్రేకు నొక్కాడు. చక్రాలు కీచుమన్నాయి... వెనక నుంచి బరువు తోస్తూనే ఉంది. రెండు బ్రేకులూ బిగించి పట్టాడు. మంచులోంచి దీపస్తంభం గోడ ఒక్కసారిగా మీదికొచ్చింది. కాళ్ళు నేలకి తన్నిపెట్టాడు. సైకిలు ఆగింది.

"నేనే ఓడిపోయాను, సరేనా?" అని వెనక్కి తిరిగాడు.

సీటు ఖాళీ.

దిగిన చప్పుడు లేదు. చుట్టూ మంచు. పిలిచాడు. పడిపోయిందేమో అనుకున్నాడు. సైకిలు తిప్పి, రోడ్డంతా వెతుక్కుంటూ, పేరు పెట్టి అరుచుకుంటూ వెనక్కి తొక్కాడు. ఈసారి ఆ సైకిలు గాడిద బరువుంది.

దుకాణం పెద్దావిడ దీపాలు వెలిగిస్తోంది. మా ఆవిడ పడిపోయిందా, ఇక్కడికొచ్చిందా అని రొప్పుతూ అడిగాడు. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఎక్కితే కదయ్యా పడటానికి. ఒక్కసారి తిరిగి, ఎక్కు అంటే ఎక్కుదామని ఇక్కడే నిలబడింది పాపం. నువ్వు నీ దారిన తొక్కుకుంటూ పోయావు."

గంట కొట్టింది కదా అన్నాడు. గంట లేదు, గింట లేదు అందామె. భార్య ముప్పావు గంట చూసి, తన సంచీ తీసుకుని బస్టాండుకి వెళ్ళిపోయిందట. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిందట.

మెకానిక్‌కి భయం కంటే ముందు ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళకి చెప్పగలిగిన మాటని ఎవరికి చెప్పాడు? ఆ మాట మళ్ళీ చెప్పాలి. ఎక్కిళ్ళు పెట్టి అయినా సరే, ఆవిడ మొహం చూసి చెప్పాలి. సంచీ భుజాన వేసుకుని బస్టాండుకి పరిగెత్తాడు. ఆరు యాభై ఐదు. చిన్న బస్టాండు, ఎదురెదురుగా రెండే బస్సులు. ఇటుది ఇంటికి, అటుది వదినగారి ఊరికి. అటు పరిగెత్తబోతూ, అలవాటు కొద్దీ ఇంటి బస్సు లోపలికి ఒకసారి చూశాడు.

వాళ్ళు ముందే బుక్ చేసుకున్న రెండు సీట్లలో, నడిచే దారి వైపు సీట్లో, ఆవిడ కూర్చునుంది. శాలువా తలమీదుగా కప్పుకుని, తల వంచుకుని. కిటికీ సీటు అతనికి వదిలిపెట్టింది.

మెట్లెక్కడం కూడా అతనికి గుర్తులేదు. ఆవిడ మోకాళ్ళు దాటుకుని లోపలికి జరిగి కూలబడ్డాడు. ఎక్కలేదన్న ముసలమ్మ మాట అబద్ధం. ఎక్కడో దిగింది, అడ్డదారిన వచ్చింది, ఏదో జరిగింది. ఏం జరిగితేనేం, ఇంటికి వస్తానంది, వచ్చింది. ఇంకేమీ అడగదలుచుకోలేదు. ఆవిడ చెయ్యి అతని మణికట్టు మీద పడింది. చల్లగా ఉంది. సముద్రపు గాలిలో తిరిగింది కదా.

తలుపు మూసుకుంది. బస్సు వెనక్కి కదిలి, దీపాల వెలుగు ఎదుటి బస్సు మీద పడింది.

దాని మెట్ల దగ్గర అతని భార్య నిలబడి ఉంది.

సంచీ చేతిలో. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సముద్రం రోడ్డు వైపు చూస్తోంది... ఇంకా చూస్తోంది. కండక్టరు ఏదో అన్నాడు. ఇంకొక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది.

మెకానిక్ అద్దం మీద అరచేత్తో బాదాడు. అది తెరుచుకునే కిటికీ కాదు. అరవబోయాడు. నోరు పెగల్లేదు. లేవబోయాడు. మణికట్టు మీది చెయ్యి బిగుసుకుంది. పక్కకి తిరిగి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. బస్సు నిండా ఫినాయిలు వాసన.

అవతల ఆవిడ రోడ్డు వైపు చివరిసారి చూసి, మెట్లెక్కింది.

"కంగారుపడకండి అల్లుడుగారూ," అంది పక్కనున్నామె, మెల్లగా. "నేను మిమ్మల్ని ఒంటరిగా వదలను."