తింటే తీసుకుపోతా

ఎండాకాలం మధ్యాహ్నం అరబ్బు దేశపు సోహార్‌లో వీధిలో పిల్లి కూడా తిరగదు. ఇంట్లో ఏసీ హోరు తప్ప చప్పుడుండదు. ఆ వేళకే నేను బీబీకి అన్నం పెట్టేదాన్ని. బీబీ మా మేడం నాదియాకు అత్త, మంచం దిగలేని ముసలామె. సముద్రం అవతల ఇరాన్‌లో పుట్టింది. ఆమెకు ఫారసీ తప్ప రాదు, మనవళ్ళు అరబ్బీ తప్ప మాట్లాడరు, కొడుకు షాపు వదిలి రాడు. ఆమె మాటలు వినడానికి చివరికి కడప నుంచి వచ్చిన పనిమనిషిని నేనే మిగిలాను. నాకొచ్చిన ఉర్దూతో సగం అర్థమయ్యేది, మిగతా సగం చేతులతో చెప్పేది.

ఎప్పుడూ ఒకటే సంగతి, వాళ్ళ ఊరు. పేరుకు పట్నమే గాని, వింటే మన మండలాఫీసున్న ఊరికన్నా పెద్దదేం కాదు. ఒక సర్కారు కచేరి, దాని ముందు రొట్టెల కొట్టు, కొండ కిందికి దిగే ఒక్క బజారు. పల్లెల వాళ్ళు కాగితాల పని మీద వచ్చి పొద్దంతా కచేరి అరుగు మీద పడిగాపులు పడుతుంటే, వాళ్ళ నాయన టీ పోసేవాడట. "నన్ను అక్కడికి తీసుకుపో" అనేది. ముద్దకు మాత్రం నోరు తెరిచేది కాదు.

"తిను బీబీ. తింటే తీసుకుపోతా" అనేదాన్ని. బుద్ధిగా తినేది.

అందులో తప్పేముంది? ఊళ్ళో మా అమ్మ జైనబీ కూడా, తనను జేజి అని పిలిచే నా కూతురు సానియాకు అలాగే తినిపిస్తుంది, తింటే మీ అమ్మ వస్తుందని. పూట గడవాలంటే ఎవరో ఒకరికి అబద్ధం చెప్పక తప్పదు.

రంజాన్ దాటాక బీబీ పోయింది. అంత దూరం ఎవరు మోసుకుపోతారని కొడుకు ఇక్కడే పాతిపెట్టించాడు. నాకిక డ్యూటీ లేదు. మేడం పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. సానియాను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా చేత్తో తినిపించాలి. అంతకు మించి నాకేమీ వద్దు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నారు. టాక్సీ వచ్చేలోపు దుప్పటి తీసేద్దామని బీబీ గదిలోకి పోయాను. పన్నీరు వాసన. దాని అడుగున ఇంకో వాసన... అప్పుడే కాల్చిన రొట్టె. ఏసీ ఆపేసి ఉంది. అయినా గది చల్లగా ఉంది, కొండ మీద తెల్లవారినట్టు.

మంచం కిర్రుమంది.

"తిన్నాను కదా..."

మెల్లగా. ఫారసీలో.

ఎవరూ లేరు. పరుపు మధ్యలో మనిషి పడుకున్నంత గుంట... చూస్తుండగానే పైకి లేచి సాపైంది. ఎవరో దిగినట్టు. చలి నన్ను రాసుకుంటూ గుమ్మం దాకా పోయింది. అక్కడ ఆగింది. నా కోసమే.

"నా వల్ల కాదు బీబీ" అన్నాను. "నేను మా ఇంటికి పోవాల. నాకు బిడ్డ ఉంది..."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. చలి కాసేపు అక్కడే ఉంది, వింటున్నట్టు. తర్వాత లేదు.

టాక్సీ హైవే ఎక్కాక అమ్మకు ఫోన్ చేశాను. సానియా ఎత్తింది, నోటి నిండా ముద్దతో.

"తింటాండావా బంగారూ? జేజి పెడతాందా?"

"జేజి పండుకోనుంది. ఇంగొగ జేజి పెడతాంది."

"ఎవురు?"

"తెలీదు. చేతులు సల్లగుండాయిమా." మింగిన చప్పుడు. "నువ్వు రాకపోయినా ఏం గాదంట. తింటే తనే తీసకపోతాదంట."

"సానియా... తినొద్దు. ఉమ్మెయ్."

"అయిపాయ" అంది.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి అమ్మ నిద్రగొంతుతో ఫోన్ తీసింది. పాపను చూడమన్నాను. గదిగదికీ తిరిగి పేరు పెట్టి పిలవడం వినిపించింది. మిద్దె మీద. పెరట్లో.

"యాడా లేదుమే. తలుపు గొళ్ళెం లోపల యేసింది యేసినట్టే ఉండాది. చెప్పులూ ఈడనే ఉండాయి."

అమ్మ గొంతు తగ్గింది.

"పళ్ళెం కడిగి బోర్లించి ఉండాది హసీనా... నేను కడగలేదే."