లైను తెగిన నిమిషం

టై కట్టిన బ్యాంకు మేనేజరు ఒక్క మాటతో ఎవరినైనా దొంగను చేయగలడు. ఏటీఎంలో నోట్లు నింపే క్యాష్ లోడర్‌ని అలాగే చేశాడు. విచారణ లేదు, పాడూ లేదు. ఏటీఎంలో నోట్లు తగ్గాయి, తాళం వాడి దగ్గరుంది. అంతే.

ఉదయం 8.40. ఏటీఎం వెనక గదిలో లోడర్ శవాన్ని దించి గుడ్డ కప్పారు. ఉరి వేసుకున్న తాడు ఇంకా కమ్మీకి వేలాడుతోంది.

ఇన్‌స్పెక్టర్ తలుపు మూయించాడు. ఎదురుగా మేనేజరు, ఏటీఎంని ఆఫీసు కంప్యూటర్‌కి కలిపే లైను చూసే మెకానిక్, వాచ్‌మన్, లోడర్ భార్య.

"మా ఆయన దొంగ కాదు సార్. ఆ మాట కాగితం మీద రాయించండి. పిల్లలు నలుగురిలో తిరగాలి," అందామె.

"తప్పు చేయనోడు ఉరెందుకేసుకుంటాడమ్మా? మా కంప్యూటర్ అబద్ధం చెప్పదు," అన్నాడు మేనేజరు.

"ఏం చెప్పిందేమిటి?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఒకే ఖాతాకి ఇరవై నాలుగు సార్లు, సారికి ఇరవై వేల చొప్పున, నోట్లు రాలేదని. డబ్బు ఖాతాలో తిరిగి జమ చేసింది. బయటికి రాని నోట్లు పెట్టెలో ఉండాలిగా? లేవు."

ఇన్‌స్పెక్టర్ మెషిన్ తెరిపించాడు. లోపల కాగితపు చుట్ట. మెషిన్ చేసిన ప్రతి పనీ దాని మీద అచ్చవుతుంది. ఆఫీసులో దాన్ని చూసిన పాపాన పోయినవాడు లేడు.

పన్నెండో తేదీ, 11.09. నోట్లు ఇవ్వబడినవి. కింది వరుసలో: లైను లేదు.

"నోట్లు ఇచ్చింది. ఇచ్చానని చెప్పేలోపు లైను తెగింది. కబురు అందకపోతే మీ కంప్యూటర్ ఏం చేస్తుంది?"

మేనేజరు గొంతు తగ్గింది. "ఇవ్వలేదనుకుని... జమ చేసేస్తుంది."

వేర్వేరు తేదీల్లో మిగతా ఇరవై మూడు సార్లూ అదే వరుస.

వాచ్‌మన్ రిజిస్టర్ తెచ్చాడు. ఆ రోజు మెకానిక్ లోపలికి వచ్చింది 11.05.

"ఎందుకొచ్చావోయ్?"

"లైను పోయిందని ఫిర్యాదు వస్తే వచ్చాను సార్."

"నీ ఫోన్ ఇటివ్వు." ఇన్‌స్పెక్టర్ అందులో ఆ రోజు మెసేజ్ తీశాడు. "ఫిర్యాదు 11.14కి. లైను పోయింది 11.09కి. నువ్వు 11.05కే దిగావు. జాతకాలు కూడా చూస్తావా?"

మెకానిక్ ఫోన్ కోసం చెయ్యి చాపాడు. ఇన్‌స్పెక్టర్ ఇవ్వలేదు.

"వైరు నువ్వు పీకావు. అవతల కార్డు పెట్టిందెవరు?"

"మా బావమరిది సార్." గోడకు జారగిలబడిపోయాడు. "లోడరన్న ప్రాణం తీసుకుంటాడనుకోలేదు..."

"రాయండి," ఇన్‌స్పెక్టర్ మేనేజరు వైపు తిరిగాడు. "దొంగ కాదని."

మేనేజరు రాసి ఇచ్చాడు. ఆమె చదువుకుంది. సంచిలోంచి మడతపెట్టిన రసీదు తీసింది.

"మరి దీని సంగతేంటి? పోయిన డబ్బు మేం కడితే కేసుండదన్నారుగా. నిన్న ఇల్లు అమ్మేసి కట్టాను. ఆ మాట తెలిసే ఆయన ఇంటికి రాలేదు."

"అది పై ఆఫీసుకెళ్ళిపోయిందమ్మా. తప్పు ఒప్పుకుని కడుతున్నట్టు నువ్వే సంతకం పెట్టావు. ఇక తిరిగి రాదు," అన్నాడు మేనేజరు.

ఇన్‌స్పెక్టర్ రసీదు విప్పాడు.

నాలుగు లక్షల ఎనభై వేలు.