రాఘవమ్మని ఎవరు తీసేశారు?

"చిట్టెమ్మ ఆన్, గంగన్న ఆఫ్, రాజబాబు ట్రిప్... ఏంటండీ ఇది? పి.ఎల్.సి. ప్రోగ్రామా, ఓటర్ల లిస్టా?"

గుడివాడ నుంచి వచ్చిన కొత్త ఇంజనీరు శామ్యూల్ రాజ్ కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి మరీ నవ్వాడు. కుమారికి ఒళ్ళు మండింది. మనిషి వచ్చి పావుగంట కాలేదు, ఇచ్చిన టీ అయినా తాగలేదు, అప్పుడే వెక్కిరింపు!

"చిట్టెమ్మ మా అమ్మండి," అంది.

నవ్వు టక్కున ఆగిపోయింది.

కోడూరు దాటాక ఉన్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. కొత్త మిషన్ వస్తే మొదటిసారి స్విచ్ వేసినవాళ్ళ పేరే దానికి పెడతారు. కొబ్బరికాయ కొట్టి వేసినా సరే, ప్రార్థన చేసి వేసినా సరే. నీళ్ళ మోటార్ చిట్టెమ్మ వేసింది కాబట్టి అది చిట్టెమ్మ. రెండో నంబరు కోల్డ్ రూము రాఘవమ్మది. ఆవిడ రొయ్యల తలలు తీసే షెడ్డులో అందరికంటే పెద్దావిడ. "రాఘవమ్మ వేడెక్కింది" అని ఎవరైనా అరిస్తే అక్కడ నవ్వరు, పరిగెత్తుతారు.

ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పెట్టె పి.ఎల్.సి. దాని ప్రోగ్రాములో ప్రతి మోటారుకీ, ప్రతి తలుపుకీ, ప్రతి గది చలికీ ఒక్కో వేరియబుల్, అంటే దాని లెక్క రాసుకునే గడి, ఉంటుంది. బిగించి వెళ్ళినవాళ్ళు వాటికి ఉత్త అంకెలు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. బందరులో డిప్లొమా చదివొచ్చిన కుమారి రెండేళ్ళు కూర్చుని, రెండు వందల పద్నాలుగు వేరియబుల్స్‌కీ ఫ్యాక్టరీలో పిలుచుకునే పేర్లు పెట్టింది. ఒక నోటుబుక్కులో ఏది ఏమిటో రాసి పెట్టుకుంది. వాళ్ళ జాలరిపాలెం నుంచి ప్యానెల్ ముందు కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్ల ఆమే. తల్లి చిట్టెమ్మ అదే షెడ్డులో వేళ్ళు ఒరుసుకుపోయేలా రొయ్యలు వలిచి ఆమెని చదివించింది.

"సారీ అండీ," అన్నాడు శామ్యూల్. "కానీ స్టాండర్డ్ అని ఒకటుంటుంది కదా. రేపు ఇంకో ఇంజనీరు వస్తే రాజబాబు ఎవరో ఎలా తెలుస్తుంది?"

"అడిగితే తెలుస్తుంది. దేవుడు నోరిచ్చాడు కదా!"

మూడో కోల్డ్ రూముని ప్రోగ్రాములో కలపడానికి అతనికి పది రోజులు పట్టింది. పది రోజులూ ఏదో ఒక దానికి తగువే. అయినా అతను ఒక్కో పేరూ అడిగి తెలుసుకున్నాడు. అయిదో రోజుకి "గంగన్న గారు ఇవాళ కాస్త గట్టిగా తిరుగుతున్నారండీ," అని తనే చెప్పాడు. గంగన్న కుమారి తండ్రి, ఐసు మిషన్‌కి మొదటి స్విచ్ వేసినాయన. నిజానికి ఆయన ఆ వేళ సముద్రం మీద వేటలో ఉన్నాడు. కుమారికి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టి కరెంటు పోయింది. ఇద్దరూ వరండాలో నిలబడ్డారు.

"మీకు ఎప్పుడూ కోపమేనా అండీ?"

"మీరొచ్చాకే."

"అయితే స్పెషల్‌గా నాకోసమే అన్నమాట."

కుమారి అతని వైపు చూడలేదు. వానని చూసింది. చూరు నుంచి కారే నీళ్ళని అంత శ్రద్ధగా ఆమె జన్మలో ఎప్పుడూ చూసి ఉండదు.

శనివారం సాయంత్రం లాప్‌టాప్ సర్దుకుంటూ, "మీ పేర్లు ఒక్కటి కూడా మార్చలేదండీ. ఒట్టు," అన్నాడు. కుమారి నమ్మింది. అదే చేసిన తప్పు.

సోమవారం ఉదయం షిఫ్టు ఆమెదే. గంట గంటకీ తెర మీద చూసి లాగ్‌బుక్కులో రాసింది. రెండో గది, మైనస్ పద్దెనిమిది. మళ్ళీ మైనస్ పద్దెనిమిది. పన్నెండింటికి లోడింగువాళ్ళు ఆ గది తలుపు తీస్తే అట్టపెట్టెలు మెత్తగా చేతికొచ్చాయి. లోపల ఫ్యాను ఎప్పుడో కాలిపోయింది. గోడకి వేలాడే థర్మామీటరు మైనస్ ఏడు చూపిస్తోంది.

మేనేజరు సీతారామయ్య గారు లాగ్‌బుక్కు బల్ల మీద విసిరారు.

"పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది! కూర్చున్న చోట నుంచి కదలకుండా కథలు రాశావా అమ్మాయ్?"

"తెర మీద అదే ఉందండీ! ఇప్పటికీ అదే ఉంది, వచ్చి చూడండి!"

"తెర అబద్ధం చెబుతుందా? చెబితే మనుషులే చెప్పాలి." ఆయన తెర వైపు వెళ్ళనేలేదు.

గంటలో మెమో తయారయింది. దొంగ రీడింగులు రాసినందుకు శనివారం లోగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ప్యానెల్ నుంచి తీసి షెడ్డుకి పంపిస్తారు. దాన్ని ఆమె చేతికిచ్చి ఊరుకున్నా బాగుండేది. షెడ్డు గుమ్మం పక్కన బోర్డు మీద అంటించారు, రెండు వందల మంది ఆడవాళ్ళు చేతులు కడుక్కునే చోట. "ఆడపిల్లకి ప్యానెల్ ఇస్తే ఇంతే," అని ఎవరో సూపర్‌వైజరు అననే అన్నాడు. చిట్టెమ్మ తలెత్తకుండా రొయ్యలు వలుస్తూనే ఉంది. కూతురిని మెమో కంటే తల్లి వంచిన ఆ తల ఎక్కువ బాధ పెట్టింది. ఇదెక్కడి న్యాయం? రెండేళ్ళలో ఒక్క రీడింగు తప్పు రాయని పిల్లని ఒక్క పూటలో దొంగని చేశారు.

సాయంత్రం ఆమె నోటుబుక్కు తీసి ప్రోగ్రాములోని పట్టికతో ఒక్కో పేరూ సరిచూసింది. రాఘవమ్మ లేదు. ఎంత వెతికినా లేదు. చదవడానికి వేరియబుల్ లేక తెర శనివారం నాటి అంకె దగ్గరే నిలబడిపోయింది.

ఎస్.టి.డి. బూత్ నుంచి గుడివాడకి ఫోన్ చేసింది.

"రాఘవమ్మని ఎందుకు తీసేశారు?"

"ఎవరినండీ? హలో... కుమారి గారా?"

"రేపు మొదటి బస్సుకి రండి. రాకపోతే నేనే వస్తాను. నేనొస్తే మీకే మంచిది కాదు."

అతను మొదటి బస్సుకే దిగాడు. సన్నగా తుంపర పడుతోంది. కోడూరు సెంటరులో టీకొట్టు బల్ల మీద లాప్‌టాప్ తెరిచాడు. కుమారి పక్కన నోటుబుక్కు పెట్టి, జరిగిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"పేర్లు ముట్టుకోలేదని ఒట్టేశారు!"

"మార్చలేదండీ, నిజం. వెళ్ళేముందు శుభ్రంగా ఉంటుందని... వాడని వేరియబుల్స్ తీసెయ్ అనే బటన్ ఒకటుంటుంది. నొక్కాను. ప్రోగ్రాములో ఎక్కడా వాడకపోతేనే పోతాయి. ఆ గదిని చల్లబరిచేది పాత థర్మోస్టాట్ కదా, ప్రోగ్రాముకి ఆ రీడింగుతో..." మాట మధ్యలోనే ఆగాడు. మొహం పాలిపోయింది.

"ప్రోగ్రాముకి పనిలేదు. తెరకి పనుంది. నాకు పనుంది. వాడేవాళ్ళం మేమండీ! ఎవరు వాడుతున్నారో ఎవరు వాడట్లేదో ఆ బటన్ చెప్పాలా? పక్కనే కూర్చున్న నన్ను అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"తప్పు నాదేనండీ."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. తిట్టడానికి దాచుకున్న మాటలు ఇంకా సగం మిగిలిపోయాయి.

"చెప్తే మీ ఉద్యోగం?" అంది చివరికి.

"ఈ నెలతో ప్రొబేషన్ అయిపోతుంది. మా కంపెనీ ఓనరు రామబ్రహ్మం గారు పర్మనెంట్ చేస్తానన్నారు. ఇప్పుడేమంటారో." లాప్‌టాప్ మూసి లేచాడు. "పదండి, వెళ్దాం."

మేనేజరు గదిలో అరగంట ఉన్నాడు. బయటికి వచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది.

"మొత్తం చెప్పేశాను. మీ తప్పేం లేదని ఆయన ఒప్పుకున్నారు. విషయం మన మధ్యే ఉంచుదామన్నారు. ఇదిగో, ఆఫీసు కాపీ చింపేశారు కూడా."

కుమారి ఆ కాగితం ముక్కల్ని చూసింది. అసలు కోపం అప్పుడొచ్చింది.

"మన మధ్యా? రెండు వందల మంది చూసేలా బోర్డు మీద అంటించి, తలుపేసుకుని గదిలో చింపుతారా? దొంగ అన్నప్పుడు ఊరంతా వినాలి, కాదన్నప్పుడు గుసగుసలా? మా అమ్మ ఆ బోర్డు పక్క నుంచే రోజూ నడిచి వెళ్ళాలి! మీ మంచితనం మీ దగ్గరే ఉంచుకోండి."

శామ్యూల్ ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని నిలబడే రాశాడు. రెండింటికి షిఫ్టు మారే బెల్లు కొట్టింది. ఆడవాళ్ళు గుంపుగా చేతులు కడుక్కోవడానికి వచ్చారు. అతను రొయ్యల ట్రే ఒకటి బోర్లించి దాని మీద ఎక్కాడు. గొంతెత్తి చదివాడు.

"నా పేరు శామ్యూల్ రాజ్. రెండో గది రీడింగు తెర మీదకి రాకుండా చేసింది నేను. తెలియకుండానే చేశాను, కానీ చేసింది నేనే. కుమారి గారు తెర మీద ఏముంటే అదే రాశారు. ఆవిడ ఒక్క రీడింగు కూడా దొంగది రాయలేదు. ఇది నేను సంతకం పెట్టి ఈ బోర్డు మీద అంటిస్తున్నాను."

 గుంపు వెనకనుంచి ముసలి గొంతు లేచింది.

"ఏరా అబ్బాయ్, అయితే నన్ను తీసేసింది నువ్వా?"

"అవునండీ రాఘవమ్మ గారూ. మళ్ళీ పెట్టేస్తాను."

షెడ్డంతా గొల్లుమంది. సీతారామయ్య గారు గుమ్మం దాకా వచ్చి, అంత మందిని చూసి గొంతు సవరించుకున్నారు. తనే ముందుకొచ్చి పాత మెమోని బోర్డు మీద నుంచి పీకేశారు. "రేపు మామూలుగా షిఫ్టుకి రామ్మా," అన్నారు. చిట్టెమ్మ తలెత్తి కూతుర్ని చూసింది. కుమారికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

కుళాయి దగ్గర శామ్యూల్ ఆమె పక్కకి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. అది తేలాక చెప్దామనుకున్నాను. ఉండబట్టట్లేదు. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"ఇది కూడా గుసగుసగానేనా?" అంది కుమారి. "మా అమ్మ అదిగో, అక్కడుంది. వెళ్ళి ఆవిడకి చెప్పండి, వినపడేలా."

వెళ్ళాడు. చెప్పాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చేతులు కడుక్కోవడం మానేశారు. చిట్టెమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుని అతన్ని పైనుంచి కిందకి చూసింది.

"మీరు చర్చికెళ్ళేవోళ్ళు. మేం గంగమ్మకి మొక్కేవోళ్ళం."

"అవునండీ."

"మీ ప్రభువు వెంట తిరిగినోళ్ళు వలలేసుకునేవోళ్ళేనంట గదా?"

"అవునండీ."

"అయితే మాకు సుట్టాలే. కుమారి నాన్న వేట నుంచి రానీ. ఆదివారం చర్చి అయ్యాక మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా."

"అమ్మా!" కుమారి గొంతు షెడ్డంతా వినపడింది. "నన్నొక్క మాట అడగవా? నాకిష్టమో కాదో నీకెట్టా తెలుసు?"

చిట్టెమ్మ ఖాళీ గిన్నె చంకన పెట్టుకుంది.

"నిన్న నిన్ను దొంగన్నది మేనేజరు గారు. ఇంటికొచ్చి రాత్రంతా నువ్వు తిట్టింది ఈ అబ్బాయిని. పరాయోడి మీద అంత కోపం ఎవరికొస్తుందే?"

కుమారి అతని వైపు చూడలేదు. ఆ వాన రోజు చూరు నీళ్ళని చూసినంత శ్రద్ధగా కుళాయి నీళ్ళని చూసింది.